పన్నెండు కుర్చీలు, పంతొమ్మిది మంది

పన్నెండు మంది పనికి కావాలంటే పద్దెనిమిది మందికి కబురు పెట్టాలి. పోర్టులో ఒక ప్రైవేటు కంపెనీ తరఫున ముప్పై రెండేళ్ళు గ్యాంగు సూపర్‌వైజరుగా చేసి నేను సంపాదించుకున్న జ్ఞానమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. మిగతాదంతా మోకాళ్ళ నొప్పులు.

ఓడ వచ్చి బెర్తుకి ఆనిందంటే, సరుకు దింపడానికి దాని పొట్టలోకి పన్నెండు మంది గ్యాంగుని పంపాలి. సరిగ్గా పన్నెండు మందికే కబురు పెడితే ఎనిమిది మంది వస్తారు. ఒకడికి జ్వరం, ఒకడికి మరదలి పెళ్ళి, ఇంకొకడు బయల్దేరాడు గానీ దారిలో టీ కొట్టు తగిలింది. అందుకని పైన ఆరుగురిని కలుపుకోవాలి. ఆ లెక్క నాకు ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పిన చోటు ఒక్కటే, మన గుడి, అదే మన చర్చి.

మొన్న ఆదివారం పూజ అయ్యాక యువజన సంఘం పిల్లలు మీరంతా నా చుట్టూ చేరి, “అంకుల్, గుడి పనుల్లో మీ అనుభవం రాసివ్వండి, కొత్తగా సంఘాల్లో చేరేవాళ్ళకి పనికొస్తుంది” అన్నారు. అనుభవం అంటే ఏదో ఘనకార్యం అనుకున్నట్టున్నారు. మన విచారణలో, అదే మన పారిష్‌లో, నన్ను నాలుగు సంఘాల నుంచి తీసేశారని మీకు తెలియదు. తెలిసే అడిగారేమో, అదీ చెప్పలేను.

రిటైరైన మొదటి నెల ఇంట్లో ఉన్నాను. నెలాఖరుకి మా ఆవిడే నన్ను గుడిలోకి తోసింది. ఆవిడ మరియ దళంలో ఇరవై ఏళ్ళుగా ఉంది, జబ్బు పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి జపమాల చెప్పి వస్తుంది. నేను ఇంట్లో ఉండి ఆవిడ వంటింటి డబ్బాలన్నీ బెర్తులవారీగా సర్ది, నంబర్లు వేశాను. పంచదార ఏ నంబరో తెలియక ఆ రోజు సాంబారులో వేసింది. “ఏటండీ, మీకు పని కావాలి. లేకపోతే నాకు పిచ్చెక్కిపోద్ది. గుడిలో ఏదో ఒక సంఘంలో సేరిపోండి” అంది.

మొదట గాయక బృందంలో చేరాను. దాన్ని నడిపేది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్సు, అందరూ టీచరమ్మ అంటారు. నా గొంతు, సరుకు ఎత్తే వించి యంత్రం మోతలో ఓడ అడుగున ఉన్నవాడికి వినపడేలా తయారైన గొంతు. మూడో ఆదివారం ఆవిడ నన్ను పక్కకి పిలిచి, “బాబూ, పైకప్పు రేకులు మొన్ననే ఏసినారు. మరి కొన్నాళ్ళు ఉండనీ” అంది. అర్థం చేసుకుని తప్పుకున్నాను.

తర్వాత పఠనాలు చదివే వాళ్ళలో చేరాను. పౌలు గారు కొరింతీయులకి రాసిన లేఖ నా వంతు వచ్చింది. పూజ అయ్యాక ఒకాయన వచ్చి, వింటుంటే కొరింతీయులకి చార్జిషీటు ఇచ్చినట్టుందని, తనకి కూడా భయమేసి లేచి నిలబడిపోయానని చెప్పాడు. నేను పొగడ్త అనుకున్నాను. కాదని మరుసటి వారం తెలిసింది.

స్వాగత బృందంలో వేశారు. పని ఏమీ లేదు, గుమ్మం దగ్గర నవ్వుతూ నిలబడి దణ్ణం పెట్టడమే. నేను గేటు దగ్గర నిలబడి, హెల్మెట్టు లేకుండా బండి మీద వచ్చిన వాళ్ళని ఆపేశాను. ఆలస్యంగా వచ్చిన వాళ్ళ పేర్లు నోట్‌బుక్కులో రాశాను. మొదటి ఆదివారమే నలభై ఒక్క పేర్లు వచ్చాయి, అందులో పారిష్ కౌన్సిలు ఉపాధ్యక్షుడి పేరు మూడోది. ఇక అలంకరణ బృందం సంగతి చెప్పక్కర్లేదు. క్రిస్మస్‌కి నేను కట్టిన నక్షత్రాన్ని ఎవరూ విప్పలేకపోయారు. పోర్టులో లోడుకి వేసే ముడి వేశాను మరి. ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలై, నుదుట విభూది పెట్టించుకోవడానికి వచ్చిన జనానికి కూడా గంటగోపురం మీద అది మిలమిలా మెరుస్తూ కనిపించింది.

ఆ విభూది బుధవారం నాడే ఫాదరు గారు నన్ను పిలిచారు. మన విచారణ గురువులు అప్పటికి వచ్చి ఏడాది కాలేదు, వయసులో మా అబ్బాయి కంటే చిన్నవారు. గుంటూరు వైపు మనిషి, ఎంత కోపం వచ్చినా మెత్తగా మాట్లాడతారు. ఆ మెత్తదనమే భయం.

“అంకుల్, పవిత్ర గురువారం పాదాలు కడిగే కార్యక్రమానికి పన్నెండు మందిని తేవాలి. ప్రతి ఏడూ ఆఖరి నిమిషంలో ఎవరూ దొరకరట. పోయినేడు ఎనిమిదిమందే ఉంటే టెంటు వేయడానికి వచ్చిన మనిషిని కూడా కూర్చోబెట్టారట. మీరు గ్యాంగులు నడిపిన వారు కదా, ఈ ఒక్కటీ సక్రమంగా జరిపించండి.”

“తప్పకుండా ఫాదరు గారూ.”

“ఇదీ కుదరకపోతే ఏం పర్వాలేదు. హాయిగా బెంచీలో కూర్చుని పూజ వినండి. అదీ సేవే.”

హాయిగా కూర్చోండి అనే మాట వినడానికి బాగుంటుంది గానీ, ఉద్యోగం చేసినవాడి చెవిలో అది వేరేగా పడుతుంది. రిటైరైన రోజు కంపెనీ వాళ్ళు శాలువా కప్పి అన్నదీ ఆ మాటే. ఇక్కడ కూడా ఆ మాట అనిపించుకుంటే నేను ఎక్కడికీ పనికిరానివాడినని తేలిపోతుంది. ఇంటికి వచ్చి నోట్‌బుక్కు తీశాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సిలువ వేయడానికి ముందు రాత్రి, కడరా భోజనం నాడు యేసు ప్రభువు నడుముకి తువ్వాలు చుట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడు. దానికి గుర్తుగా ఏటా ఆ గురువారం సాయంత్రం పూజలో ఫాదరు గారు మోకాళ్ళ మీద కూర్చుని పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు. కుర్చీలో కూర్చుని కాలు చాపడమే మనం చేయాల్సింది. అంత తేలికైన పనికి మనుషులు ఎందుకు దొరకరంటే, అందరిముందూ చెప్పు విప్పి కాలు చూపించాలంటే మగాడికి సిగ్గు. పగుళ్ళు, ఆనెకాయలు, పెరిగిన గోళ్ళు.

నేను పాత లెక్క ప్రకారం పద్దెనిమిది మందికి కబురు పెట్టాను. ఎవరికీ “నువ్వు రిజర్వు” అని చెప్పలేదు. పోర్టులో చెప్పం, చెబితే రాడు.

ఆ పద్దెనిమిది పేర్లలో ఒక పేరు రాయలేదు. మర్చిపోయి కాదు, కావాలనే.

అతను నా గ్యాంగులో పదిహేనేళ్ళు పనిచేశాడు. యారాడ కొండ దిగువన ఉంటాడు, మన విచారణే. మాకు చుట్టరికం ఏమీ లేదు గానీ మా వైపు మగాళ్ళు అలవాటుగా పిలుచుకున్నట్టే నన్ను బావా అంటాడు, నేనూ బావా అంటాను. ఇప్పుడు ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్. ఎండాకాలం అయినా, గుడికైనా మేజోళ్ళు వేసి బూట్లు తొడుక్కునే వస్తాడు. ఎందుకో ఈ ఊళ్ళో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఇనప పైపుల ఓడ వచ్చింది. నా లెక్క ఒక్కసారి కూడా తప్పలేదని మొదట్లో రాశాను గానీ, ఆ రోజు ఒక మనిషి తక్కువ పడ్డాడు. ముందు షిఫ్టు చేసి ఇంటికెళ్ళి పడుకున్న ఇతనికి కబురు పెట్టాను. హవాయి చెప్పులతో పరిగెత్తుకుంటూ వచ్చి, “బావా, బూట్లు తడిసున్నాయి, ఆరేసినాను. ఎల్లి ఏసుకొచ్చీనా?” అన్నాడు. “టైము లేదు, దిగిపో, నేనున్నానుగా” అన్నాను. గంట తర్వాత పైపుల కట్ట కింద పెట్టిన చెక్క జారింది. ఎడమకాలి వేళ్ళు రెండు పోయాయి.

రిపోర్టు రాసింది నేనే. “గాయపడిన వ్యక్తి రక్షణ బూట్లు ధరించి లేడు” అని రాశాను. అందులో అబద్ధం ఏమీ లేదు, కాకపోతే సగమే రాశాను. చెప్పులతో దింపింది ఎవరో రాయలేదు, తప్పంతా అతని మీదికే పోయింది. అతను దాని మీద సంతకం పెట్టి, ఆస్పత్రి మంచం మీంచి నన్ను చూసి నవ్వాడు. అప్పట్నుంచీ అతని ముఖం చూసి మాట్లాడతాను గానీ, నడుం కిందికి చూపు పోనివ్వను.

“ఆయన పేరేదండీ?” అంది మా ఆవిడ లిస్టు చూసి.

“పాపం, నలుగురిలో బూటు విప్పాలంటే ఎంత ఇబ్బంది! అందుకే వదిలేశాను.”

“ఇబ్బంది ఆయనకా, మీకా?” అంది. నేను నోట్‌బుక్కు మూసేసి చెప్పులేసుకుని బజారుకి వెళ్ళిపోయాను.

ఇక అసలు తప్పు దగ్గరికి వస్తున్నాను. ఆ గురువారానికి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు, దొరికిన నలుగురైదుగురితో ఒకసారి రిహార్సల్ వేస్తే ఆర్టీసీ కండక్టరూ, రైల్వే గార్డూ మొదటి కుర్చీ కోసం తోసుకున్నారు. అది శిష్యుల్లో పెద్దవాడైన పేతురు గారి కుర్చీ అట. నాకు ఇలాంటివి కొత్త కాదు. ఓడలో ఎవడి చోటు వాడికి ముందే చెప్పేస్తే గొడవుండదు. అందుకని గురువారం మధ్యాహ్నం పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు పీఠం ముందు వరుసగా వేసి, సువిశేష పుస్తకం దగ్గర పెట్టుకుని, ఒక్కో కుర్చీ వీపుకి ఒక్కో శిష్యుడి పేరు స్కెచ్ పెన్నుతో రాసి అంటించాను. పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను, అలా వరసగా. పుస్తకంలో ఎలా ఉంటే అలా. పన్నెండో పేరు కూడా పుస్తకంలో ఉన్నదే రాశాను. పైగా అక్షరాలు చాలా కుదిరాయని మురిసిపోయాను.

సాయంత్రం ఐదున్నరకి గుడి ఆవరణలోకి వెళ్ళేసరికి కుళాయి దగ్గర పెద్ద క్యూ ఉంది. ఫాదరు గారు కడగబోయే కాళ్ళని ముందుగానే శుభ్రంగా కడుక్కోవడానికి వచ్చినవాళ్ళు. కడుక్కోవడం, మట్టిలో నడవడం, మళ్ళీ వెనక్కెళ్ళి కడుక్కోవడం. నేను అలవాటుగా తలలు లెక్కపెట్టాను. పద్దెనిమిది. తప్పు లెక్కపెట్టాననుకుని వేలితో చూపిస్తూ మళ్ళీ లెక్కపెట్టాను. పద్దెనిమిదే!

జ్వరం లేదు, మరదలి పెళ్ళి లేదు, టీ కొట్టు కూడా ఎవరికీ తగల్లేదు. ఎందుకంటే కబురు అందుకున్నది మగాళ్ళే అయినా, పంపించింది వాళ్ళ ఆడవాళ్ళు. ఆ సంగతి పోర్టు లెక్కలో లేదు.

పరుగున వెళ్ళి ఫాదరు గారికి చెప్పాను. పూజ వస్త్రాలు తొడుక్కుంటున్న వారు ఒక చెయ్యి దూర్చి అలాగే ఆగిపోయారు. “మీరే పిలిచారు కదా అంకుల్, మీరే ఆరుగురికి నచ్చజెప్పి బెంచీల్లోకి పంపండి” అన్నారు, చాలా మెత్తగా.

ముందు కండక్టర్ని అడిగాను. “అదేటండీ బాబూ! మా అమ్మాయి మద్దిలపాలెంలో బ్యూటీ పార్లరుకి తీసుకెళ్ళి రెండు గంటలు తోమించింది. ఈ మడమ సూడండి. నా జన్మలో ఇంత నునుపు సూణ్ణేదు. ఇది దేవుడికి సూపించకుండా ఎలా ఎల్తాను?” అని చెప్పు విప్పి నా మొహం దాకా ఎత్తాడు. మడమ నిజంగానే నునుపుగా ఉంది.

గార్డుని అడిగితే పద్మనాభం నుంచి వాళ్ళ మామగారి కుటుంబమంతా ఆటో మాట్లాడుకుని చూడడానికి వచ్చారన్నాడు. ఇంకొకాయన నలభై రోజుల నుంచి మాంసం ముట్టలేదని, అంత తపస్సు చేసినవాణ్ణి లేపే అధికారం నాకు ఎవరిచ్చారని అడిగాడు. వాణిజ్య పన్నుల ఆఫీసులో పనిచేసిన పెద్దమనిషికి మత్తయి గారి కుర్చీ పడింది. మత్తయి గారు శిష్యుడు కాకముందు సుంకాలు వసూలు చేసేవాడు. నేను కావాలనే వేశానని ఆయన అక్కడే గట్టిగా అన్నాడు, ఇప్పటికీ అలాగే నమ్ముతున్నాడు. అయినా లేవలేదు.

ఈలోగా కుర్చీలు నిండిపోయాయి. పదకొండు నిండాయి. పన్నెండో కుర్చీ ఖాళీగా ఉంది. ఏడుగురు మనుషులు నిలబడే ఉన్నారు, ఆ కుర్చీ వైపు మాత్రం ఎవరూ రావడం లేదు. ఒకాయన తెలియక కూర్చోబోయి, తల తిప్పి పేరు చదువుకుని, వేడి పెనం తగిలినట్టు లేచిపోయాడు. ఆ కుర్చీ మీద, ప్రభువుని ముప్పై వెండి కాసులకి శత్రువులకి పట్టించిన శిష్యుడి పేరు, “యూదా ఇస్కారియోతు” అని నేను రాసిన అందమైన అక్షరాలు ఉన్నాయి.

“బాబూ, దాని మీద కూకుంటే రేపట్నుంచి నన్ను ఈదిలో ఏటని పిలుస్తారు?” అన్నాడాయన.

కాగితం చింపేద్దామని వెళ్ళాను. “సింపినా అది ఆడి కుర్సీయే గదా” అన్నారు నలుగురూ ఒకేసారి. అప్పటికి గుడి నిండిపోయింది. ముందు బెంచీలో మా ఆవిడ జపమాల తిప్పుతూ నన్నే చూస్తోంది. ఏ జపం చేస్తోందో నాకు అర్థమైంది.

పూజ మొదలైంది. ప్రసంగం అయ్యాక ఫాదరు గారు పై వస్త్రం తీసి తువ్వాలు చుట్టుకుని కిందికి వచ్చారు. కుర్చీలు చూశారు, నిలబడ్డవాళ్ళని చూశారు, ఖాళీ కుర్చీ చూశారు, దాని పేరు చదివారు. ఆయన పెదవి ఒక్కసారి వణికింది. కోపమో నవ్వో తెలియలేదు.

“బెంచీ తెప్పించండి. అందరికీ కడుగుతాను” అన్నారు.

బెంచీ మోయడానికి, పూజలో ఫాదరు గారికి సాయపడే ఉపదేశి గారు వెళ్ళారు. నీళ్ళు పోయాల్సింది ఆయనే. టేకు బెంచీ ఒక కొస ఎత్తగానే ఆయన నడుం పట్టేసింది. ఇద్దరు పట్టుకుని ఆయన్ని ఒక పక్కన కూర్చోబెట్టారు. ఫాదరు గారు నీళ్ళ చెంబు నా చేతిలో పెట్టారు. ఏడుగురూ బెంచీ మీద సర్దుకున్నారు. పన్నెండో కుర్చీ మాత్రం అలాగే ఉంది.

అప్పుడు పక్క గుమ్మంలోంచి బూట్ల చప్పుడు వినిపించింది. డ్యూటీ దిగి వాచ్‌మన్ చొక్కాతోనే వచ్చాడు మా బావ. తిన్నగా నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

“బావా, అందరికీ కబురెట్టినావంట. నాకెట్టలేదేటి?”

ఏదో ఒక అబద్ధం వెతికాను, దొరకలేదు. అతను నా జవాబు కోసం చూళ్ళేదు. ఖాళీ కుర్చీ చూశాడు, పేరు చదివాడు, “ఇదేనా ఖాళీ?” అని కూర్చుని వంగి బూటు లేసులు విప్పడం మొదలుపెట్టాడు. బెంచీ మీదివాళ్ళు కొందరు గుసగుసలాడారు. “ప్లాస్టిక్ కుర్సీకి పాపం ఏటుంటాది?” అన్నాడు తల ఎత్తకుండానే.

ఫాదరు గారు పేతురు గారి కుర్చీ నుంచి మొదలుపెట్టారు. నేను పోస్తుంటే వారు కడిగి, తుడిచి, పాదాన్ని ముద్దు పెట్టుకుంటున్నారు. ఒక్కొక్కరికి ఒక కాలే, అందరూ కుడికాలు చాపుతున్నారు. కండక్టరు మాత్రం కుడిదీ ఎడమదీ రెండూ చాపాడు. రెండూ తోమించానని ఫాదరు గారికి కూడా చెప్పాడు. తాకి చూస్తే గానీ నమ్మనన్న తోమా గారి కుర్చీలో ఉన్నాయన నీళ్ళు వేడిగా ఉన్నాయేమోనని ముందు వేలు ముంచి చూసుకున్నాడు. టీచరమ్మ బృందం దగ్గర పాదాలు కడిగే పాట ఒక్కటే ఉంది. పదో మనిషి దగ్గరికి వచ్చేసరికే అది రెండోసారి అయిపోయి మూడోసారి ఎత్తుకున్నారు.

నేను కుర్చీలు లెక్కపెట్టుకుంటున్నాను. పది, పదకొండు. చెంబు బరువెక్కింది, నీళ్ళు తగ్గుతున్నా.

పన్నెండో కుర్చీ ముందు ఫాదరు గారు మోకరించారు. అతని కుడికాలు బాగానే ఉంది. అదే చాపి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు, అందరిలాగే అయిపోయేది. ఎడమకాలి మేజోడు లాగి, ఆ కాలే పళ్ళెంలో పెట్టాడు.

ఫాదరు గారికి ఏమీ తెలియదు. తలెత్తి చూశారు.

“మూడు వేళ్ళే గదా ఫాదరు గారూ, బేగి అయిపోద్ది” అన్నాడు బావ.

ఇరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి నేను ఆ కాలు చూశాను. నేను అనుకున్నంత భయంకరంగా ఏమీ లేదు. నున్నగా మూసుకుపోయిన చర్మం, దాని పక్కన మూడు వేళ్ళు, బూటులో నలిగి నలిగి తెల్లబడి ఉన్నాయి. చెంబు వంచితే నీళ్ళు సగం పళ్ళెంలో, సగం ఫాదరు గారి మోచేతి మీద పడ్డాయి. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు, దాచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

“బావా, ఆ రిపోర్టులో నేను...” అన్నాను. నా గొంతు సంగతి తెలుసు కదా, గుసగుస అనుకున్నది నాలుగు బెంచీల దాకా వెళ్ళింది.

“తెలుసు బావా. సదివే సంతకం ఎట్టినాను.”

“మరి ఎందుకు...”

“ఆయేల కబురెట్టినావని నాకు కోపం లేదు. పని ఉంటే పిలుస్తావు, ఒస్తాను, అంతే. ఇయ్యాల ఎట్టలేదు సూడు, దానికొచ్చింది కోపం. ఇరవై ఏళ్ళ నుంచి నా కాలు సూడకుండా తప్పించుకుంటన్నావు. కాలు నాది, సిగ్గు నీకేటి బావా?”

ఫాదరు గారు ఇద్దరి మాటా విన్నారు. ఆ మూడు వేళ్ళనీ నెమ్మదిగా తుడిచి, వంగి ముద్దు పెట్టుకున్నారు. తర్వాత తువ్వాలు నా చేతికి ఇచ్చి, “ఆరలేదు, మీరు ఇంకోసారి తుడవండి అంకుల్” అన్నారు. కాలు ఆరిపోయే ఉంది. అయినా నేను నా నొప్పుల మోకాళ్ళ మీద కూర్చుని తుడిచాను, చాలాసేపు తుడిచాను.

ఆ తర్వాత బెంచీ మొదలైంది. గోరువెచ్చని నీళ్ళు పన్నెండు మందికే తెచ్చాను, అయిపోయాయి. బెంచీ మీద ఏడుగురికీ కుళాయి నీళ్ళే. ఒక్కొక్కరూ కాలు తడవగానే “హమ్మా” అనడం గుడంతా వినిపించింది. పాట నాలుగోసారి కూడా అయిపోయింది. టీచరమ్మ పుస్తకం తిరగేసి ఇంకేమీ దొరక్క, పదిహేడో మనిషి దగ్గర నిశ్శబ్దం భరించలేక, పశువుల పాకలో బాలయేసు పుట్టాడన్న పాట ఎత్తుకుంది. పవిత్ర గురువారం నాడు క్రిస్మస్ పాట! బయట గోపురం మీద నేను కట్టిన నక్షత్రం ఎలాగూ ఉంది. మోకాళ్ళ మీద ఉన్న ఫాదరు గారి భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. పన్నెండో కుర్చీలోంచి మా బావ అందరికంటే గట్టిగా నవ్వాడు. దాంతో గుడి మొత్తం నవ్వేసింది.

పూజ అయ్యాక ఫాదరు గారి గదికి వెళ్ళాను, నోట్‌బుక్కు అప్పజెప్పేద్దామని. “ఇక హాయిగా బెంచీలో కూర్చుంటాను ఫాదరు గారూ” అన్నాను.

ఆయన నడుం పట్టుకుని కూర్చుని ఉన్నారు. పంతొమ్మిది సార్లు వంగి లేచారు కదా. “మీరెక్కడికీ వెళ్ళడానికి లేదు. ఈ పని ఏటా మీదే. కుర్చీల మీద మాత్రం ఏమీ రాయకండి” అన్నారు.

బెంచీ మీద కూర్చున్న ఏడుగురినీ ఊరంతా ‘బెంచీ అపొస్తలులు’, అంటే బెంచీ శిష్యులు, అనడం మొదలుపెట్టింది. వాళ్ళకి ముందు కోపం వచ్చింది గానీ తర్వాత ఆ పేరుతోనే ఒక బృందమైపోయారు. పండగలకి బెంచీలు మోసేదీ, పార్కింగు చూసేదీ, చచ్చీ చెడీ ఆ నక్షత్రం విప్పింది కూడా వాళ్ళే. సేవ చేయాలని ఉండి, ఏ సంఘంలో చేరాలో తెలియక గుమ్మంలో నిలబడ్డ పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. వాళ్ళు ఎవరినీ వద్దనరు, వాళ్ళంతా ఎక్కువైపోయి మిగిలినవాళ్ళే.

మరుసటి ఏడు తపస్సు కాలం మొదలవగానే నోట్‌బుక్కు తీసి మొదటి పేరు మా బావదే రాశాను. ఫోను చెయ్యలేదు, యారాడ కొండ దిగువకి నేనే నడిచి వెళ్ళాను. అతను గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, కాళ్ళకి హవాయి చెప్పులు.

“బావా, గురువారం కాళ్ళు కడుగుతారు. రావాలి” అన్నాను.

“నాను రాను బావా. ఒకపాలి అయిపోనాది గదా, ఆడోళ్ళని కూడా కూకోబెడతారంట ఈసారి. మీ ఆవిడికి ఇయ్యి నా కుర్సీ” అన్నాడు. నేను లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచాడు. “రాననీసి కబురెట్టడం మానీకు, తెలిసిందా?”

ఇప్పుడు నా లెక్క మారింది. పన్నెండు మంది కావాలంటే పదమూడు మందికి కబురు పెడతాను. ఆ పదమూడో మనిషి రాడు. అయినా ముందు వెళ్ళేది అతని ఇంటికే.